పసుపు రాసిన కాగితం

ఇల్లందు,
3 సెప్టెంబరు 2006.

అమ్మగారికి మంగ్లి నమస్కారాలు.

ఫోన్‌లో మాట్లాడితే మీకు సగమే వినపడుతుంది. మిగతా సగం మీ ఇంట్లో ఇంకెవరో వింటారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. బాగున్నారా అని అడగాల్సిన చోట ఇంకో మాట అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నిన్న నాకు మీ కంపెనీ నుంచి రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన నోటీసు మీకు తెలిసే వచ్చిందా?

కాగితం పైన మీ ఫొటో ఉంది. హోటల్ బోర్డు మీద ఉండే ఫొటోయే, అదే ముక్కుపుడక, అదే నవ్వు. ఆ నవ్వు కింద ఏం రాశారంటే, మంగ్లి అనే నేను "రాఘవమ్మ భోజనం" ఇల్లందు ఫ్రాంచైజీని వెంకటరామారావు గారికి బదిలీ చేసినప్పుడు, మూడేళ్ళపాటు ఇల్లందు బస్టాండు చుట్టూ నలభై కిలోమీటర్ల లోపల భోజనం, టిఫిను, వంటకు సంబంధించిన ఏ వ్యాపారమూ చేయనని సంతకం పెట్టానట. ఇప్పుడు మాట తప్పి చేస్తున్నానట. పదిహేను రోజుల్లో పొయ్యి ఆర్పకపోతే కోర్టుకు పోతారట.

నేనేం చేస్తున్నానో చెబుతాను. సోమ్లా షిఫ్టు నుంచి వస్తూ బండి మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్న సంగతి మీకు తెలుసు. ఏప్రిల్ అంతా దవాఖానాలో నా మొగుడి మంచం పక్కన ఉండాల్సి వచ్చి, ఐదేళ్ళు నడిపిన హోటల్‌ను ఇంకొకరికి అప్పజెప్పాను. జూన్‌లో తండాకు తిరిగొచ్చాం. సోమ్లా కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. బొగ్గుబావిలోకి దిగే పని ఇక కుదరదన్నారు. ఒకరోజు పొద్దున్నే అతని జతగాడు రూప్లా వచ్చాడు. "వదినా, ఆ హోటల్ల కూర తింటే కషాయం తాగినట్టున్నది. అన్నీ పాకెట్ల పొడులే. నువ్వు ఇంట్ల వండిందే నా క్యారేజీల గింత పెట్టు" అన్నాడు. పెట్టాను. మర్నాడు నాలుగు క్యారేజీలు వచ్చాయి. ఇప్పుడు నలభై వస్తున్నాయి. బోర్డు లేదు, బల్ల లేదు, ఇంటి ముందు రెండు పొయ్యిలు ఉన్నాయి. ఇదీ నా నేరం.

పదిహేనేళ్ళప్పుడు మిరపకాయలు ఏరడానికి బోనకల్ వచ్చి, మీ స్టేషన్ మెస్సులో ఉల్లిపాయలు తరుగుతూ ఉండిపోయినదాన్ని. పప్పు ఎప్పుడు మెదపాలో, పులుసు ఎప్పుడు దించాలో మీ పక్కన నిలబడే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ పొయ్యి ఆర్పమని మీరు కూడా అంటారా?

మీ
మంగ్లి


ఖమ్మం, మామిళ్ళగూడెం,
14 సెప్టెంబరు 2006.

చి॥ల॥సౌ॥ మంగ్లికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సోమ్లా కోలుకుంటున్నందుకు సంతోషం. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.

వ్యాపార విషయాలు మా అబ్బాయి చెంచురామయ్య చూసుకుంటాడు. నేను కలగజేసుకోను. ఒప్పందం ప్రకారమే నోటీసు ఇచ్చామని వాడు చెప్పాడు. నువ్వు కూడా అందరిలాగే సంతకం పెట్టావు. పెట్టాక మాట మీద నిలబడాలి కదా. మూడేళ్ళు ఎంతలో గడిచిపోతాయి. ఈలోగా ఖమ్మంలో మన పెద్ద వంటశాలలో నీకు ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. పొడులు కలిపే విభాగం. ఎండలోనూ పొగలోనూ ఉండక్కర్లేదు. ఆలోచించు.

గొడవ పెంచుకోకు. పెద్దదాన్ని, చెబుతున్నాను.

ఇట్లు
రాఘవమ్మ


ఇల్లందు,
25 సెప్టెంబరు 2006.

రాఘవమ్మ గారికి,

పైన "అమ్మగారికి" అని రాసి కొట్టేశాను. కొట్టేసింది మీకు కనబడుతూనే ఉంటుంది.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చేతిరాత మీదే, మాటలు మాత్రం మీవి కావు. "ఆలోచించు" అని మీరు ఎప్పుడైనా ఎవరితోనైనా అన్నారా? "ఏమే, బుర్ర ఉందా?" అనేవారు. అదే నయం.

పొయ్యి ఆర్పలేదు, ఆర్పను. పొడులు కలిపే ఉద్యోగం నాకొద్దు. ఆ పొడులు తినలేకే కదా జనం హోటల్ వదిలేసి నా గుడిసె ముందు నిలబడుతున్నది. మూడేళ్ళు ఎంతలో గడుస్తాయన్నారు. మీకు గడుస్తాయి. ఇక్కడ కర్ర పట్టుకున్న మనిషి ఉన్నాడు, పదో తరగతి చదివే కవిత ఉంది. నాకు చేతనైన పని ఒక్కటే. దాన్నే వద్దంటే మా ముగ్గురం ఏం తినాలో కూడా ఆ కాగితంలో రాయాల్సింది.

నలభై కిలోమీటర్లంటే ఎంతో మీకు తెలుసా? సోమ్లా కూతురి అట్లాసు ముందేసుకుని కంపాసుతో గుండ్రం గీయించాడు. "గీ గుండ్రంల సగం అడవే ఉన్నది. ఎలుగుబంటికి గూడ నువ్వు బువ్వ పెట్టొద్దంట" అని పడీ పడీ నవ్వాడు. తుంటి విరిగాక అతను నవ్వడం అదే మొదలు. ఆ ఒక్క మేలుకు మీ కంపెనీకి దండం పెడతాను.

నోటీసు వచ్చాక పద్ధతి మార్చాను. ఇప్పుడు నేను అన్నం అమ్మడం లేదు. ఎవరి బియ్యం, ఎవరి పప్పు వాళ్ళే మూట కట్టి తెచ్చి పడేస్తున్నారు. నేను వండిపెట్టి కూలి తీసుకుంటున్నాను. బట్ట ఇస్తే మిషన్ మీద కుట్టి ఇచ్చేవాళ్ళు లేరా? నాదీ అంతే. ఇది ఏ వ్యాపారమో మీ అబ్బాయిని చెప్పమనండి.

ఇక సంతకం సంగతి. దవాఖానా వరండాలో, లోపల సోమ్లా నొప్పికి అరుస్తుంటే, మీ కంపెనీ మనిషి ఆరు కాగితాలు పట్టుకొచ్చాడు. నేను చదువు రానిదాన్ని కాదు, కావాలంటే చదివేదాన్ని. కానీ ఆ కాగితాలకు నాలుగు మూలలా పసుపు ఉంది. కింద సాక్షి సంతకం మీది. పసుపు రాసిన కాగితాన్ని ఎవరైనా అనుమానిస్తారా? శుభలేఖ అందుకున్నట్టు కళ్ళకద్దుకుని సంతకం పెట్టాను. కష్టంలో ఉన్నానని మీరు పంపిన దీవెన అనుకున్నాను.

ఒక్కటే అడుగుతున్నాను. మీరు చదివే పసుపు రాశారా?

మంగ్లి


ఖమ్మం,
18 అక్టోబరు 2006.

మంగ్లీ,

"పెద్దదాన్ని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది" అని రాసి, ఆ కాగితం చించేశాను. ఇది నాలుగో కాగితం.

చదవలేదు.

ప్రతి శుక్రవారం పూజ అయ్యాక మా అబ్బాయి కాగితాల కట్ట తెచ్చి పీట మీద పెడతాడు. నేను నాలుగు మూలలా పసుపు రాసి, వాడు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెడతాను. పూర్వం మావారు పొలం కాగితాలకు ఇలాగే చేయించేవారు. ఇంటి ఆడదాని చేతి పసుపు పడితే కలిసొస్తుందని ఆయన నమ్మకం. చదవమని ఆయన అనలేదు, వీడూ అనలేదు, నేనూ అడగలేదు. అడగకపోవడమే గొప్ప అనుకునేదాన్ని. మా అబ్బాయి మీద నాకంత నమ్మకమని పదిమందిలో చెప్పుకునేదాన్ని కూడా.

నీకు రాసిన మొదటి ఉత్తరం వాడు పక్కన కూర్చుని చెబుతుంటే రాసింది. నువ్వు కనిపెడతావని నాకు ముందే అనిపించింది.

నీ జవాబు వచ్చాక వాణ్ణి నిలదీశాను. "అమ్మా, ఫ్రాంచైజీ తీసుకున్న ప్రతివాళ్ళకూ ఉండే షరతులే అవి. ఒకళ్ళకి సడలిస్తే రేపు అందరూ మన వంట నేర్చుకుని మన ఎదురుగానే పొయ్యి పెడతారు. నీ పేరు కాపాడ్డానికే కదా ఇదంతా" అన్నాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. దమ్మపేటలో ఒకాయన మన బోర్డు దించిన మర్నాడే అదే గోడకు తన బోర్డు తగిలించాడు. కానీ ఆయన్నీ నిన్నూ ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పలేదు.

సిగ్గుగా ఉంది మంగ్లీ. అంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. క్యారేజీల్లో ఏమేం పెడుతున్నావో రాయి.

రాఘవమ్మ


ఇల్లందు,
12 డిసెంబరు 2006.

అమ్మగారికి,

ఈసారి కొట్టేయలేదు.

జొన్నరొట్టె రోజూ ఉంటుంది. పప్పుచారు, వంకాయ, చింతచిగురు దొరికితే చింతచిగురు. శుక్రవారం మీ పద్ధతిలో ముక్కల పులుసు. మీ కంపెనీవాళ్ళకు కూడా నా వంటల మీద చాలా ఆసక్తి ఉంది. పోయిన వారం ఒకాయన మోటారుసైకిల్ మీద వచ్చి, వెదురు పొద చాటున నిలబడి క్యారేజీలకు ఫొటోలు తీశాడు. పిలిచి రొట్టె, కూర పెట్టాను. శుభ్రంగా తిని, ఆ కంచానికి కూడా ఫొటో తీసుకుని వెళ్ళాడు.

దావా వేశారు. కంపెనీ, వెంకటరామారావు గారు కలిసి వేశారు. కేసు తేలేదాకా నా పొయ్యి ఆపించమని ముందుగా ఒక పిటిషన్ పెట్టారు. నా తరఫున సోమ్లా చెల్లెలి కూతురు భార్గవి నిలబడింది. నల్లకోటు వేసుకుని రెండేళ్ళే అయింది, కానీ నోరు పెద్దది.

కాగితాలన్నీ చదివి భార్గవి నన్ను ఒక్కటే అడిగింది. "అత్తమ్మా, అసలు నువ్వేం అమ్మినవ్?" బల్లలు, గిన్నెలు, ఫ్రిజ్ అన్నాను. "మరి పేరు?" పేరు నాదెట్లా అవుతుంది, అమ్మగారిది కదా అన్నాను. దాంతో కుర్చీలోంచి లేచి నిలబడింది. ఒక మనిషిని తన పని తాను చేసుకోవద్దని రాయించుకుంటే చట్టంలో చెల్లదట. చెల్లేది ఒక్క సందర్భంలోనే. తన వ్యాపారాన్ని, దానికున్న మంచి పేరుతో సహా అమ్ముకున్నవాళ్ళు, కొన్నవాళ్ళకు పోటీ రామని ఒప్పుకుంటే చెల్లుతుందట. అది కూడా ఫలానా హద్దుల లోపల అని రాసుకుంటేనే.

అందుకని కంపెనీవాళ్ళు ఏమంటున్నారో తెలుసా? ఇల్లందు హోటల్‌కు వచ్చిన మంచి పేరంతా మంగ్లి చేతి వంట వల్ల వచ్చిందట, అది మంగ్లి సొంతమట, దాన్నే నేను అమ్ముకున్నానట. ఐదేళ్ళలో ఒక్కనాడు కూడా కూర బాగుందని అనని మనుషులు. ఇప్పుడు కోర్టు కాగితంలో నా చేతిని రెండు పేజీలు పొగిడారు. గెలవాలంటే ఆ పేరు నాది కాదని నేనే చెప్పాలి. "అవ్, చెప్పు. పొగడ్త పోతే పోయింది, పొయ్యి మిగులుతది" అంటున్నాడు సోమ్లా.

మీ పేరు కంపెనీకి ఎట్లా వెళ్ళింది అమ్మగారూ? దానికి కాగితం ఏమైనా ఉందా? ఉంటే ఈసారి చదివి చెప్పండి. దెప్పడానికి అనడం లేదు. కొంచెం దెప్పడానికే.

మంగ్లి


ఖమ్మం,
9 జనవరి 2007.

మంగ్లీ,

కాగితం ఉంది. అబ్బాయి ఊళ్ళో లేనప్పుడు కింద ఆఫీసులో గుమాస్తాను అడిగితే, "మీ కాగితమే కదమ్మా" అని నకలు తీసి ఇచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని మూడు రోజులు చదివాను. అర్థం కానిచోటల్లా మళ్ళీ మొదటికి వెళ్ళాను.

రెండువేల సంవత్సరం నాటిది. నా పేరు, నా ఫొటో, బోనకల్ మెస్సు, నేను చెబుతుంటే రాసుకున్న వంటల పుస్తకం, వాటికున్న మంచి పేరుతో సహా అన్నీ కంపెనీకి అమ్మేశాను. నాలుగు మూలలా పసుపు దిట్టంగానే రాశాను. పన్నెండో షరతు ఏమిటంటే, రాఘవమ్మ అనే నేను ఇకమీదట ఎక్కడా డబ్బుకు వండకూడదు, ఎవరికీ వంట నేర్పకూడదు.

పోయిన వేసవిలో మా వీధి ఆడవాళ్ళు పదిమంది వచ్చారు. "పిన్నిగారూ, సంఘం పెట్టుకున్నాం, పచ్చళ్ళు నేర్పండి, అమ్ముకుంటాం" అన్నారు. ఆవాలు ఎండబెట్టించాను కూడా. అబ్బాయి వచ్చి "వద్దమ్మా, నీ ఒంట్లో బాగుండదు" అన్నాడు. నా మీద ప్రేమ అనుకున్నాను. ప్రేమ కూడా ఉండే ఉంటుంది. దాని వెనక పన్నెండో షరతు ఉందని ఇప్పుడు తెలిసింది.

ఇక్కడ ఒక పెద్ద వకీలుకు చూపించాను. కొడుకు మాట నమ్మి చదవకుండా పెట్టిన సంతకం కాబట్టి, ఆ అమ్మకం రద్దు చేయమని దావా వేస్తే గెలవొచ్చన్నాడు. నా పేరు నాకు తిరిగొస్తుందన్నాడు. రెండు రోజులు నేను నేల మీద లేను. బోనకల్ స్టేషన్ పక్కన మళ్ళీ పొయ్యి వెలిగించినట్టే అనుకున్నాను. ఆ రెండు రోజులూ నీకు రాయకుండా దాచుకున్నది ఆ ఆశనే.

మూడో రోజు నీ కేసు సంగతి కూడా ఆయన్నే అడిగాను. నా అమ్మకం చెల్లదంటే కంపెనీ చేతిలో ఏ పేరూ లేనట్టే అన్నాడు. అప్పుడు ఇల్లందులో వచ్చిన పేరంతా నీదే అవుతుందట, దాన్ని నువ్వు అమ్ముకున్నట్టే అవుతుందట, నిన్ను కట్టేస్తారట. నీ చేతులు విడిపించాలంటే, పేరు నాదేనని, దాన్ని నేనే అమ్మానని నేను చెప్పాలి. అది చెప్పాక అమ్మలేదని మళ్ళీ ఏ కోర్టులోనూ అనలేను.

నీకు ఇంట్లో ఇద్దరు నీ పొయ్యి మీద బతుకుతున్నారు. నాకు మూడు పూటలా ఎవరో ఒకరు పెడతారు. ఇందులో ఆలోచించడానికి ఏముంది? భార్గవిని అఫిడవిట్ రాయమను. నకలు ఈ కవర్లోనే పెడుతున్నాను. కంపెనీ వకీలు నన్ను బోనెక్కిస్తే ఎక్కుతాను. అక్కడివాళ్ళను కాస్త గట్టిగా మాట్లాడమని ముందే చెప్పు.

రాఘవమ్మ


ఇల్లందు,
2 మార్చి 2007.

అమ్మా,

ఉత్తర్వు వచ్చింది. పొయ్యి ఆపించమన్న పిటిషన్ కొట్టేశారు. తనది కాని పేరును మంగ్లి అమ్మి ఉండదని, వంట చేసుకుని బతకడాన్ని ఆపలేమని రాశారు. అసలు దావా ఇంకా ఉంది, ఏళ్ళు పడుతుందట. పడనీ. అప్పటిదాకా మేం తింటూనే ఉంటాం.

ఆ రోజు కోర్టులో మీకు సగం వినపడలేదు. మిగతా సగం నేను చెబుతాను. మీరు కర్ర పట్టుకుని బోనెక్కుతుంటే వెనక బెంచీలో మీ అబ్బాయి లేచి నిలబడ్డాడు, పట్టుకోవడానికో ఆపడానికో తెలియలేదు. పక్కనున్నాయన చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. కంపెనీ వకీలు మిమ్మల్ని, "ఈ సాక్ష్యం చెబితే నష్టం మీకే. రేపటి నుంచి ఒక పచ్చడి జాడీ కూడా అమ్ముకోలేరు, తెలుసా?" అని అడిగాడు. "తెలుసు బాబూ, చదివాను" అన్నారు మీరు. దానికి మీ అబ్బాయి తల వంచుకున్నాడు. మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత టైపు చేసిన సాక్ష్యం తెచ్చి సంతకం పెట్టమన్నారు. చివర్లో "చదివి వినిపించగా ఒప్పుకున్నాను" అని ముందే టైపు చేసి ఉంది. మీరు కళ్ళజోడు సర్దుకుని, "ఎక్కడ వినిపించారు?" అన్నారు. గుమాస్తా, "ఏం కాదమ్మా, గక్కడ పెట్టున్రి, జల్దీ" అన్నాడు. మీరు పెన్ను మూత పెట్టేశారు. జడ్జిగారు నవ్వాపుకుని "వినిపించండి" అన్నారు. మీకు వినపడాలని అతను గొంతు చించుకుని చదివాడు. "మళ్ళీ మొదటి నుంచి" అన్నారు మీరు. రోడ్డు మీద పోయేవాళ్ళు కిటికీల దగ్గర ఆగి విన్నారు. "ఆ ముసలామె ఎవరు? గట్ల కూసోబెట్టి చదివిపిస్తున్నది" అని ఎవరో అడిగితే, రూప్లా "మా వదిన గురువు" అని చెప్పాడు. నాకు ఏడుపు ఆగలేదమ్మా. నేను గెలుస్తున్నానని కాదు. మీరు ప్రతి మాటకూ తల ఊపి, అది అయ్యాకే పెన్ను తీశారు.

నా ఇంటి ముందు బోర్డు పెట్టాను. కవిత రాసింది, "మంగ్లి వంట" అని. ఇక ఎవరూ బియ్యం మూటలు మోసుకురానక్కర్లేదు.

ఆ ఇంట్లో ఎట్లా ఉంటున్నారు? దాచకుండా రాయండి.

మీ
మంగ్లి


ఖమ్మం,
20 మార్చి 2007.

మంగ్లీ,

నాకూ నోటీసు వచ్చింది. కింద ఆఫీసు, పైన ఇల్లు. మా అబ్బాయి కింద నుంచి పైకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. పాపం ఆ కవరు ఊరంతా తిరిగి మళ్ళీ మా మెట్లే ఎక్కింది.

తప్పు నాదే. కోర్టు నుంచి వచ్చిన మూడో రోజు వీధి ఆడవాళ్ళను పిలిచి, డాబా మీద పండుమిరపకాయ పచ్చడి మొదలుపెట్టించాను. పదిమంది అనుకుంటే పదహారుమంది వచ్చారు. కింద ఆఫీసులో అందరికీ తుమ్ములు.

పోస్ట్‌మాన్ సంతకం పెట్టమన్నాడు. "కూర్చో నాయనా, చదివి పెడతాను" అన్నాను. "ఇది అందిందని సంతకమేనమ్మా" అన్నాడు. అయినా ఆ చీటీ కూడా రెండు వైపులా చదివాను. మంచినీళ్ళు తాగుతూ ఓపిగ్గా కూర్చున్నాడు.

నోటీసు చూశాక పాత కాగితం మళ్ళీ తీశాను. నీకు నలభై కిలోమీటర్లు అని గుండ్రం గీశారు, మూడేళ్ళు అని లెక్క రాశారు. నాకు ఏదీ రాయలేదు మంగ్లీ. పన్నెండో షరతులో "ఎక్కడా" అని ఉంది, అంతే. ఊరు లేదు, జిల్లా లేదు. పొలం కాగితంలో తూర్పున ఎవరు, పడమర ఎవరు అని నాలుగు హద్దులు లేకపోతే మా ఇళ్ళల్లో చిన్నపిల్లలు కూడా ఒప్పుకోరు. హద్దులు ఉంటేనే చెల్లుతుందని భార్గవి అన్నట్టు నువ్వే కదా రాశావు. పేరు అమ్మానని చెప్పాను, ఆ మాట మీదే ఉంటాను, పేరు వాళ్ళే ఉంచుకోనీ. కానీ డెబ్భై ఒక్కేళ్ళ మనిషిని భూమ్మీద ఎక్కడా వండొద్దని ఏ కోర్టు అంటుందో నేనూ చూస్తాను.

రాత్రి భోజనానికి మా వాడు పైకి వచ్చాడు. "రూలు ప్రకారం పంపాల్సి వచ్చిందమ్మా. నువ్వా పచ్చళ్ళు ఆపెయ్, ఆ నోటీసు నేనే చింపేస్తాను" అన్నాడు. "చింపడానికి అది నీ కాగితం కాదురా, నాది. జవాబు నీకు కూడా పోస్టులోనే వస్తుంది" అన్నాను. కంచం ముందు కూర్చున్నాడు. ఆ పూట పులుసు నేనే పెట్టాను, వడ్డించాను, రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. డబ్బు తీసుకోలేదు కాబట్టి అది షరతు తప్పినట్టు కాదు.

సోమవారం పొద్దున బస్సుకు ఇల్లందు వస్తున్నాను. నా తరఫున వకాలతు కాగితం భార్గవిని రాసి ఉంచమను. చదవడానికి నాకు గంట పడుతుంది, తొందరపెట్టొద్దని చెప్పు.

రాఘవమ్మ